అక్కను చేర్పించే ముందు

అమ్మడూ,

మీ అమ్మను, మా అక్కను, కేర్ హోమ్‌లో చేర్పిస్తే నలుగురూ ఏమంటారోనని అడిగావు. అర్ధరాత్రి వాకిలి గొళ్లెం తీసుకుని రోడ్డెక్కబోయే మనిషిని రెక్క పట్టుకుని లోపలికి తెచ్చేది నువ్వు. ఆ నలుగురు కాదు. వాళ్ల మాట వదిలెయ్.

ముందు అక్కకి మూత్రపరీక్ష, రక్తపరీక్ష చేయించు. వారంలోనే ఇంత మారిపోయింది, పగలంతా మగత, రాత్రి కేకలు అంటున్నావు. డిమెన్షియా సాధారణంగా ఇంత హఠాత్తుగా ముదరదు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, సోడియం పడిపోయినా, కొత్త మాత్ర పడకపోయినా పెద్దవాళ్లు ఇలా అయిపోతారు. అదంతా సర్దుకున్నాక కూడా రాత్రుళ్లు ఇలాగే గడుస్తుంటే ఇక ఆలోచించకు. నువ్వు మంచాన పడ్డాక దొరికిన చోట చేర్చడం కన్నా, ఓపిక ఉండగానే మంచి చోటు వెతకడం మేలు.

హోమ్ చూడ్డానికి పొద్దున వెళ్లకు. పొద్దు వాలే వేళ వెళ్లు, ఈ జబ్బున్నవాళ్లలో చాలామందికి కలవరం ఎక్కువయ్యేది అప్పుడే. రాత్రి డ్యూటీలో ఎందరుంటారో, చేతులు మంచానికి కడతారేమో మొహమాటపడకుండా అడుగు. గొడవ చేయకుండా మాత్రలిస్తామంటే వాటి పేర్లు రాయించుకో. మానసిక జబ్బులకు వాడే కొన్ని మందులు డిమెన్షియా ఉన్న వృద్ధులకు ప్రాణం మీదికి తెస్తాయని అమెరికా ఎఫ్‌డీఏ 2005లోనే హెచ్చరించింది.

అక్క రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ ఉందిగా అని ధీమాగా ఉండకు. రాసిచ్చినవాళ్ల మతి చెడితే అది చెల్లదు, 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉందా మాట. సంరక్షకురాలిగా హైకోర్టు ఉత్తర్వు తెచ్చుకోవాల్సి రావచ్చు. వకీలును కలువు.

చేర్చేటప్పుడు ఆయాల కోసం ఒక కాగితం రాసివ్వు. పప్పన్నం మెత్తగా పిసికితేనే తింటుందని, స్నానానికి ముందు గోరువెచ్చటి నీళ్లు చేతికి తగిలించి చూపించాలని రాయి. మీ నాన్న కోసం వెతికితే ‘పోయారు కదమ్మా’ అనొద్దని మరీ మరీ రాయి. విన్న ప్రతిసారీ అక్కకది కొత్త చావే. ఆయనకేం వండిపెట్టేదో అడిగితే చాలు, మాటల్లో పడిపోతుంది.

మొదట్లో కొన్నాళ్లు రావద్దని కొన్ని చోట్ల అంటారు. నేనొప్పుకోను. అన్నం వేళకు వెళ్లి నీ చేత్తో తినిపించు. ఇంటివాళ్లు వస్తూపోతూ ఉంటేనే అక్కడివాళ్లకూ భయముంటుంది. ఇంటికి పోదామంటుంది, నీ గుండె తరుక్కుపోతుంది. కానీ ఇప్పుడు మీ ఇంట్లో కూర్చునే ఆ మాట అంటోంది కదే.

శనివారం వస్తున్నాను. ఈలోగా రిపోర్టులు తెప్పించు. ఆదివారం సాయంత్రం నువ్వు చెప్పిన ఆ రెండు హోమ్‌లూ కలిసి చూద్దాం.

మీ పిన్ని