గడప దాటి వచ్చినామె ఏం అడిగింది?

చెల్లాయిలూ, నలుగురు ఆడవాళ్లం కూర్చుని "మన పేటలో ఆడవాళ్లకి అండగా ఒక కేంద్రం పెడదామే" అనుకున్న మరుక్షణం ఏ మాటలు వస్తాయో మీకూ తెలుసు. స్థలం ఎవరిస్తారు? బోర్డు ఎక్కడ కడదాం? ప్రారంభానికి ఎవర్ని పిలుద్దాం? ఆ మాటల దగ్గరే సగం ఉత్సాహం ఆరిపోతుంది. అలాంటప్పుడల్లా నాకు ఆంధ్ర మహిళా సభ గుర్తొస్తుంది. హైదరాబాదులో విద్యానగర్ వైపు తిరిగేవాళ్లకి సభవారి దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆస్పత్రి తెలుసు. ఉస్మానియా యూనివర్సిటీ దగ్గర సభవారి ఆడపిల్లల కాలేజీ తెలుసు. చెన్నైలో స్థిరపడిన మనవాళ్లకి అడయారులోని సభ ఆస్పత్రి తెలుసు. ఇంత పెద్ద సంస్థ 1937లో మద్రాసు మైలాపూరులో చిన్న ఆడపిల్లల సంఘంగా మొదలైందంటే నమ్మబుద్ధి కాదు. కానీ అదే నిజం.

అందుకే ఈసారి ముచ్చట్లలో ఆ సభని పెట్టిన దుర్గాబాయమ్మ గురించి చెప్పాలనిపించింది. ఆవిడ జీవితమంతా ఏకరువు పెట్టను. ఆడవాళ్లకి అండ దొరికే చోటు ఎలా పెరుగుతుందో ఆవిడ కథలో కనిపిస్తుంది, ఆ మేరకే చెప్తాను.

1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏట పెళ్లి చేసేశారు. బడి చదువు ఎంతో దూరం సాగలేదు. హిందీ మాత్రం పట్టుగా నేర్చుకున్నారు. నేర్చుకున్నది తన దగ్గరే ఉంచుకోకుండా తోటిపిల్లలకి, తనకంటే పెద్ద ఆడవాళ్లకి నేర్పడం మొదలెట్టారు. అదే బాలికా హిందీ పాఠశాల. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు ఆవిడా వాలంటీరే. టిక్కెట్టు లేదని నెహ్రూగారిని ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపేసిన కథ మీ అందరికీ తెలిసిందే. నన్నడిగితే అంతకంటే పెద్ద విషయం ఆ హిందీ బడి. తనకొచ్చిన నాలుగు ముక్కలు పక్కవాళ్లకి చెప్పడానికి ఆ చిన్నపిల్ల ఎవరి కోసమూ కాచుక్కూర్చోలేదు.

తర్వాత ఉప్పు సత్యాగ్రహం రోజులు. వెల్లూరు, మదురై జైళ్లలో ఉన్నారు. అక్కడ ఆవిడ మనసుని కుదిపేసింది సొంత కష్టం కాదమ్మా. కోర్టులో ఏం జరిగిందో అర్థం కాక, తమ తరఫున రెండు మాటలు చెప్పుకోవడం రాక, పెద్ద పెద్ద శిక్షలు పడి లోపల మగ్గుతున్న ఆడవాళ్లు. న్యాయం చదవాలి, ఇలాంటి వాళ్లకి డబ్బు తీసుకోకుండా సాయపడాలి అన్న పట్టుదల అక్కడే పుట్టింది. లా చదవాలంటే ముందు మెట్రిక్ కావాలి. బయటికొచ్చాక ఆవిడ మళ్లీ పుస్తకాలు పట్టారు. బనారసు విశ్వవిద్యాలయం మెట్రిక్ గట్టెక్కారు, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చదివారు, 1942లో మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం, అసలు విషయం ఇదే. బనారసు మెట్రిక్ తనొక్కరే పాసై ఊరుకుంటే ఆంధ్ర మహిళా సభ ఉండేది కాదు. మైలాపూరులో చిన్నపిల్లల ఆటపాటలకని పుట్టిన ఆ సంఘంలో ఆవిడ ఆ మెట్రిక్ పరీక్షకి పాఠాలు చెప్పడం మొదలెట్టారు. ఎవరు వచ్చారనుకున్నారు? చిన్నతనంలోనే భర్త పోయినవాళ్లు, భర్త వదిలేసినవాళ్లు, మధ్యలో బడి ఆగిపోయినవాళ్లు. అప్పట్లో అలాంటి ఆడదానికి పుట్టింట్లో వంటిల్లే లోకం. ఆమె చేతిలో మెట్రిక్ సర్టిఫికెట్ పెడితే టీచరు ట్రైనింగుకో నర్సు ట్రైనింగుకో వెళ్లొచ్చు. నెల తిరిగేసరికి తన సంపాదన తన చేతికొస్తుంది. "నిన్ను చూస్తే జాలేస్తుంది" అన్న మాటకీ, "పరీక్ష ఫీజు కట్టాం, రేపట్నుంచి లెక్కలు మొదలు" అన్న మాటకీ ఎంత తేడా ఉందో చూడండి!

పాఠం మొదలయ్యాక మిగతావి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఊళ్ల నుంచి వచ్చినామె ఎక్కడ ఉండాలి? దానికి హాస్టలు కావాలి. చదువు తలకెక్కని వయసులో వచ్చినామె ఏం చేసి బతకాలి? కుట్టు, నేత లాంటి చేతిపనులు నేర్పాలి. పురుడు పోసుకోవడానికి ఆడవాళ్లకి ఒక చోటు ఉండాలి. నర్సింగ్ హోమ్ వచ్చింది, దాన్ని ఆనుకుని నర్సుల శిక్షణ వచ్చింది. అలా వైద్యం అందడమే కాకుండా ఆ వైద్యం చేసే ఉద్యోగమూ మన ఆడపిల్లలకే దక్కింది. పోలియో పిల్లల్ని చంకనెత్తుకుని తల్లులు వస్తే మద్రాసులో వాళ్ల కోసం ఎముకల వైద్యకేంద్రం పెట్టారు. దూరంగా ఉన్నవాళ్లతో మాట్లాడటానికి 'ఆంధ్రమహిళ' పత్రిక నడిపారు. అందరూ ఆస్పత్రి భవనాలే చూపిస్తారు కానీ, నా మటుకు నాకు ఆ మెట్రిక్ క్లాసే సభ మొత్తంలోకీ గొప్పది. మిగతావన్నీ దానిలోంచి పిలకలేసినవే.

ఇంకో సంగతి చెప్తాను, వినండి. చిన్నప్పటి ఆ పెళ్లిని పెద్దయ్యాక దుర్గాబాయమ్మ వద్దనుకున్నారు. ఆ మాట భర్తకే నేరుగా చెప్పారు, పుట్టింటివాళ్లూ అండగా నిలిచారు. ఆయన వేరే పెళ్లి చేసుకున్నాడు. కొన్నేళ్లకి ఆయన పోయాడు. అత్తింట్లో ఆదరణ లేని ఆ రెండో ఇల్లాలు ఎక్కడికి వచ్చిందో తెలుసా? దుర్గాబాయమ్మ దగ్గరికే. ఆవిడ చేరదీసి, పని నేర్పించి, తన కాళ్ల మీద తాను నిలబడేలా చూశారు. మన వాడకట్టులో ఇలాంటిది జరిగితే ఎన్ని నోళ్లు ఎన్ని రకాలుగా మాట్లాడతాయో ఊహించుకోండి. "నువ్వు ఎవరి తాలూకు?" అని అడగకుండా "నీకేం కావాలి?" అని అడగగలిగిన మనసు అది. అలాంటి చోటికే ఆడవాళ్లు ధైర్యంగా వస్తారు.

రాజ్యాంగ సభలో కూర్చున్నా, ప్రణాళికా సంఘంలో సభ్యురాలైనా ఆవిడ ఈ పాఠం మరిచిపోలేదు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడితే దానికి తొలి అధ్యక్షురాలు ఆవిడే. దాని పనులకి గ్రామసేవికలు కావాలి, నర్సులు కావాలి, టీచర్లు కావాలి. పల్లెల్లో చూస్తే ఆ చదువున్న ఆడవాళ్లే లేరు. ఉద్యోగాలున్నాయి, అర్హత ఉన్నవాళ్లు లేరు! అప్పుడు మైలాపూరు పద్ధతినే దేశమంతటికీ విస్తరించారు. చదువు ఆగిపోయిన పెద్దవయసు స్త్రీలకి ఏళ్ల చదువును రెండేళ్లలో కుదించి చెప్పే కోర్సులు 1958 నుంచి నడిచాయి. అలాగే చైనా వెళ్లినప్పుడు కుటుంబ న్యాయస్థానాలు ఎలా పనిచేస్తాయో చూసొచ్చి, మనకీ అవి కావాలని ఇక్కడి న్యాయమూర్తులతో చర్చించారు. ఫ్యామిలీ కోర్టుల చట్టం 1984లో గానీ రాలేదు. అప్పటికి ఆవిడ పోయి మూడేళ్లయింది.

సరే, ఇప్పటి మాటకొద్దాం. జైల్లో ఆ అక్కచెల్లెళ్లని చూసి ఆవిడ కోరుకున్న ఉచిత న్యాయసహాయం ఇవాళ మన హక్కు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడదానికి ఆదాయం ఎంతున్నా సరే, న్యాయసేవాధికార సంస్థ ద్వారా లాయరు సాయం ఉచితంగా అందుతుంది. ఈ సంగతి ఉద్యోగాలు చేస్తున్న చదువుకున్న ఆడవాళ్లకే చాలామందికి తెలియదు. 2005లో గృహహింస చట్టం వచ్చింది. 2015 నుంచి కేంద్రం వన్ స్టాప్ సెంటర్లు పెట్టింది, వాటినే మనం సఖి కేంద్రాలంటున్నాం. వైద్యం, పోలీసు సాయం, లాయరు, కౌన్సెలింగ్, కొద్దిరోజులు తలదాచుకునే చోటు అన్నీ ఒకే కప్పు కింద ఉండాలన్నది వాటి ఉద్దేశం. దెబ్బలు తిన్న మనిషిని ఠాణా నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి కోర్టుకి తిప్పకూడదని.

మంచి ఏర్పాటే. కానీ అక్కడికి వెళ్లాలంటే భయం. ఎవరైనా చూస్తే? ఇంట్లో తెలిస్తే? అక్కడివాళ్లు కూడా "సర్దుకుపోమ్మా" అంటే? ఆ ఒక్క మాట నాకు ఒళ్లు మండిస్తుంది. ధైర్యం కూడగట్టుకుని గడప దాటిన మనిషితో మొదట అనాల్సిన మాటా అది! సర్దుకుపోవడం ఆమెకి మనం నేర్పక్కర్లేదు. ఏళ్ల తరబడి సర్దుకుని, ఇక కుదరకే కదా వచ్చింది. ముందు మంచినీళ్లివ్వండి. చెప్పేదంతా వినండి. ఇంటికి తిరిగి వెళ్లాలా వద్దా అన్నది ఆమె తేల్చుకోవాల్సిన విషయం. తేల్చుకోవడానికి కావలసిన సమాచారం, నాలుగు రోజుల బస, చేతికి ఒక పని, ఇవి అందించడం మన వంతు.

అందుకే మీ పేటలో కేంద్రం పెట్టాలనుకునేవాళ్లకి నేను చెప్పేదొకటే. స్థలం సంగతి తర్వాత చూసుకుందురు గానీ, ముందు మీ వీధిలో ఎవరికి ఏం అవసరమో కనుక్కోండి. పదో తరగతి తప్పి ఆగిపోయిన కోడలు ఉంటే ఓపెన్ స్కూల్లో చేర్పించి, మధ్యాహ్నాలు మీ వరండాలోనే లెక్కలు చెప్పండి. లెక్కలు మీకు రాకపోతే, వచ్చిన రిటైర్డ్ టీచరమ్మ మీ వీధిలోనే ఉంటారు, అడగండి. బ్యాంకు ఖాతా తెరవడం రాని అత్తమ్మ ఉంటే వెంట వెళ్లండి. మొదటి మనిషి పని అయ్యాక రెండో మనిషి తనంతట తనే వస్తుంది, ఆమె అడిగేది వేరేగా ఉంటుంది. దాన్నిబట్టి రెండో పని మొదలెట్టండి. మీ వల్ల కానిది అడిగితే చేతులెత్తేయకుండా చేయగలిగినవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.

ఈ వారంలోనే ఒక పని చేయండి. మీ జిల్లా సఖి కేంద్రం ఎక్కడుందో కనుక్కుని, ఒకసారి వెళ్లి అక్కడివాళ్లతో పరిచయం చేసుకుని రండి. మహిళా హెల్ప్‌లైన్ 181 నెంబరును మీ ఇంటి పనమ్మాయికీ, అపార్టుమెంటు వాచ్‌మన్ భార్యకీ, కాలేజీకెళ్లే మీ అమ్మాయికీ నోటికి వచ్చేలా చెప్పండి.