రాలే చుక్కల వెనక రాయి

బడిలో సైన్సు చెప్పి రిటైరైన ముసలాడి మాటలివి. ఆత్మకూరు చుట్టుపక్కల డిసెంబరు రాత్రుళ్లు బాయికాడికి పోయేవాళ్ల కోసం.

1. డిసెంబరు 13, 14 తారీఖుల్లో తొందరపడి ఎనిమిదింటికే డాబా ఎక్కకండి. మన పునర్వసు ఉండే మిథునరాశి అప్పుడే తూర్పున లేస్తుంటుంది. రాత్రి రెండింటికి దాదాపు నడినెత్తికి వస్తుంది. చుక్కలు రాలేది ఆ పక్కనుంచే. చూపు మాత్రం అక్కడే నిలపొద్దు, కాస్త పక్కకు చూస్తేనే పొడుగు గీతలు దొరుకుతాయి. గొంగడి కప్పుకోండి, సెల్‌ఫోన్ బంద్ చేయండి. కంటికి చీకటి అలవాటవడానికి అరగంట పడుతుంది. ఒక్కసారి ఫోన్ వెలిగిందా, మళ్లీ మొదటికే.

2. వెన్నెల చూసుకోండి. 2024లో పున్నమి దగ్గరపడి సగానికి సగం మింగేసింది. ఊరి లైట్లు దాటి చెలకల్లోకి పోవాలి. హైదరాబాదులో నిజామియా వేధశాల ఉండగానే ఉస్మానియా వాళ్లు రంగాపూర్‌కు పోయి 48 అంగుళాల దుర్భిణి పెట్టుకున్నది చీకటి కోసమే.

3. ఉల్కలు ఎక్కువగా తోకచుక్కలు వదిలిన దుమ్ము. ఈ డిసెంబరు ఉల్కలు అట్లా కాదు, ఒక గ్రహశకలం పొడి. 1983 అక్టోబరులో ఐరాస్ ఉపగ్రహం సమాచారంలో సైమన్ గ్రీన్, జాన్ డేవిస్ దాన్ని పట్టారు. దాని దారీ ఈ ఉల్కల దారీ ఒకటేనని ఫ్రెడ్ విపుల్ గుర్తించాడు. పేరు ఫేథాన్. తండ్రి సూర్యుడి రథం తోలబోయి అదుపు తప్పిన గ్రీకు కుర్రాడి పేరే పెట్టారు, తగ్గట్టే ఉంది.

4. దాని దారి చూడండి. 524 రోజులకో చుట్టు. అటు కొసన అంగారకుణ్ణి దాటిపోతుంది. ఇటు కొసన సూర్యుడికి 2.1 కోట్ల కిలోమీటర్ల దగ్గరికి దూసుకొస్తుంది, బుధుడైనా 4.6 కోట్ల కన్నా దగ్గరికి పోడు. అక్కడ దాని ఒళ్లు 700 డిగ్రీలు దాటి కాలుతుంది, అల్యూమినియం గిన్నె పెడితే కరిగి కారుతుంది. ఇంత కాలిన రాయిలో మంచెక్కడిది, తోకెట్లా వస్తుందని పిల్లలు అడిగేవాళ్లు. మంచి ప్రశ్న. సూర్యుడి దగ్గర చిన్న తోక కనపడితే చాలాకాలం దుమ్మనే అనుకున్నారు. సూర్యుణ్ణి గమనించే సోహో నౌక చిత్రాలు చూసి, అది వేడికి ఆవిరైన సోడియమని 2023లో చెప్పారు. మరి మన మీద రాలే ఇంత పొడి ఎక్కడిది? వేల ఏళ్ల కింద ఏదో పెద్ద దెబ్బ తగిలి ఊడిందని కొందరి అనుమానం. నాకూ అదే నమ్మబుద్ధవుతోంది.

5. అడ్డం ఐదారు కిలోమీటర్లు, రంగు నీలిఛాయ. 3.6 గంటలకోసారి తన చుట్టూ తాను తిరుగుతుంది. ఆ సమయం ఏటా 4 మిల్లీసెకన్లు తగ్గుతోంది.

6. భయపడకండి. 2017 డిసెంబరు 16న అది కోటి కిలోమీటర్ల దూరం నుంచి పోయింది, అంటే చందమామ కన్నా పాతిక రెట్లకు పైగా దూరం. నిజంగా దగ్గరికొచ్చేది ఇంకోటి, అపోఫిస్. 2029 ఏప్రిల్ 14 తెల్లవారుజామున, మన గడియారంలో మూడుంబావు ప్రాంతంలో, 32 వేల కిలోమీటర్ల ఎత్తునుంచి పోతుంది. కనీసం వందేళ్ల దాకా తగలదని 2021లో రాడార్ లెక్కలు చెప్పాయి. అయితే ఆ రాత్రి అమావాస్య. తాయెత్తులు అమ్మేవాళ్లకు ఆ వారం మంచి గిరాకీ.