ముందు గోళీల కవరు చూడండి

గంభీరావుపేటలో 2023లో మొదలైన కేజీ టు పీజీ ప్రాంగణంలో చదివే పిల్లల్లో సైకాలజీ మీద మనసున్నవాళ్లూ ఉంటారు. హిప్నోథెరపీ అనగానే వాళ్ల అమ్మానాన్నలకు గుర్తొచ్చే పేరు బి.వి.పట్టాభిరామ్. ఇంద్రజాలం నుంచి కౌన్సెలింగ్ వైపు వచ్చిన ఆయన 2025లో కన్నుమూశారు. ఆ దారిలో వెళ్దామనుకునేవాళ్లు ముందుగా నేర్చుకోవాల్సింది కళ్లు మూయించే విద్య అనుకుంటారు. నన్నడిగితే, ఎదుటివాళ్ల మందుల చరిత్ర రాబట్టడం.

అది అడగ్గానే దొరకదు. "మందులేమన్నా వాడుతున్నరా?" అంటే "ఏం లేవు సారూ" అంటారు. ఇంకోసారి అడిగితే "బీపీ గోళి ఒక్కటి ఏస్కుంట, గంతే" అని బయటపడుతుంది. ఆర్‌ఎంపీ పొట్లం కట్టిచ్చిన గోళీలకైతే పేరే తెలియదు. అందుకే మొదటిసారి వచ్చేటప్పుడే మందుల కవరు, చీటీలు, ఇన్‌హేలర్ అన్నీ పట్టుకురమ్మని చెప్పాలి.

షుగర్‌కు గ్లిమెపిరైడ్ వేసుకుని తినకుండా వచ్చిన మనిషికి చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, గుండె దడదడలాడుతుంది. చూస్తే అచ్చం ఆందోళనే. కళ్లు మూయించి నెమ్మదిగా ఊపిరి తీయిస్తూ కూర్చుంటే ఆలోపు షుగర్ ఇంకా పడిపోవచ్చు. హాయిగా ట్రాన్స్‌లోకి వెళ్లారని మీరు మురిసిపోతుంటే అవతల స్పృహ తప్పుతుండవచ్చు. థైరాయిడ్ గోళి మోతాదు మించినా దడే. స్టెరాయిడ్లు నిద్ర చెడగొడతాయి. కొన్ని బీపీ మందులు వాడేవాళ్లు సెషన్ అయ్యాక దిగ్గున లేస్తే తూలిపడతారు. చీటీలో ఒలాంజపైన్, రిస్పెరిడోన్ లాంటి సైకోసిస్ మందులు కనిపిస్తే సైకియాట్రిస్టుతో మాట్లాడేదాకా సెషన్ వద్దు. సైకోసిస్ ఉన్నవాళ్లకు హిప్నాసిస్ చేటు చేయవచ్చు.

మన దగ్గర ఇంకో చిక్కుంది, పాఠ్యపుస్తకాల్లో వెతికినా దొరకదు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతారు. 2015లో తెలంగాణలో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమై సరఫరా ఆగిపోతే, అలవాటుపడ్డవాళ్లు వింతగా ప్రవర్తిస్తూ, ఫిట్స్‌తో ఆస్పత్రుల పాలయ్యారు. కల్లులో కలిసిన మందుకు చీటీ ఉండదు. కాబట్టి "నిద్రపడతలేదు" అని వచ్చినాయన్ని కల్లు సంగతి కూడా అడగాలి. రోజూ తాగేవారా, ఈ మధ్యే మానేశారా? మానేశాక వచ్చిన వణుకుకు కావాల్సింది డాక్టరు.

బాగుపడ్డవాళ్లతోనూ జాగ్రత్త. "మీ దగ్గరికొచ్చినంక మంచిగైంది, గోళీలు బంద్ చేసిన" అని సంబరంగా చెబుతారు. అల్ప్రాజోలం లాంటివి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. మోతాదు తగ్గించాలన్నా, ఆపాలన్నా రాసిచ్చిన డాక్టరే చెప్పాలి. క్లయింటు ఒప్పుకుంటే ఆ డాక్టరుకు ఉత్తరం రాయడం వరకే మీ పని.

ఇక చదువు సంగతి. హిప్నోథెరపీని రిజిస్టర్డ్ వైద్యులు గానీ, తగిన శిక్షణ పొందినవాళ్లు గానీ చేయవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2003లో చెప్పింది. దీనికంటూ విడిగా చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు, అందుకే వారాంతపు సర్టిఫికెట్లు ఇంత చవకయ్యాయి. డిగ్రీ తర్వాత ఉస్మానియాలోనో మరోచోటో సైకాలజీ పీజీ చేయడం మేలు. క్లినికల్ సైకాలజిస్టుగా బోర్డు పెట్టుకోవాలంటే 1992 చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు, రిజిస్ట్రేషన్ తప్పవు. హిప్నోథెరపీ కోర్సులో చేరేముందు మందుల గురించి ఎన్ని గంటలు చెబుతారో అడగండి. "మందులతో మనకేం పని?" అన్నారంటే అక్కడ ఫీజు కట్టకండి.