ఇత్తడి డాళ్లు

పాఠ్యభాగము: 1 రాజులు 14:25–28

గడచిన మే నెలలో నాచారము ఇ.ఎస్.ఐ. ఆసుపత్రిలోనున్న యొక సహోదరుని దర్శించి, ప్రార్థించి, మా పాత స్కూటరుపై హబ్సీగూడ మీదుగా ఉప్పల్ రింగురోడ్డునకు వచ్చితిమి. ఎండయు, లారీల దుమ్మును కన్ను తెరువనీయలేదు. దారిప్రక్క అట్టమీద చలువ కళ్లద్దములు గ్రుచ్చి అమ్ముచున్న యొక పడుచువాడు మమ్మును పిలిచెను. అద్దపు మూలను రేబాన్ అను పేరు తెల్లని చిన్న అక్షరములతో నుండెను. “ఫస్ట్ కాపీ సార్. మూడు వందలే. ఎవ్వలు గుర్తు పట్టరు” అనెను.

మేము వాటిని పెట్టుకొని స్కూటరు అద్దములో చూచుకొంటిమి. ఒప్పుకొనవలసినదేమనగా, మేము మొదట చూచినది ఎండ తగ్గినదా యని కాదు. ఆ పేరు కనబడుచున్నదా యని!

రెహబాము ఏలుబడి అయిదవ సంవత్సరమున ఐగుప్తు రాజైన షీషకు యెరూషలేముమీదికి వచ్చి, సొలొమోను చేయించిన బంగారు డాళ్లను దోచుకొని పోయెను. రెహబాము వాటికి బదులు ఇత్తడివి చేయించెను. రాజు మందిరమునకు వెళ్లునప్పుడెల్ల కావలివారు వాటిని మోయుచు, పిమ్మట తమ గదిలో నుంచుచుండిరి. ఇత్తడి నీచమైనదా? కాదు. మందిరపు ముందరి రెండు స్తంభములును ఇత్తడివే. వాటినిబట్టి సొలొమోను సిగ్గుపడలేదు. బంగారము పోలేదన్నట్లు ఊరేగింపు సాగుటయందే చిక్కున్నదని మాకు తోచుచున్నది.

చవక అద్దములు కన్ను చెరుచునని కొందరందురు. ఇది సగమే నిజము. అద్దము నల్లగా నుండుట వేరు, ఎండలోని అతినీలలోహిత కిరణములను ఆపుట వేరు. ఆపకయే నల్లగానున్న యెడల, ఆ చీకటికి కంటిపాప విప్పారి ఆ కిరణములు మరి యెక్కువగా లోపలికి పోవచ్చును. అయితే పాలికార్బనేటు అను ప్లాస్టిక్కు, చవకదైనను, వాటిలో చాలమట్టుకు ఆపును. కావున వెలనుబట్టి తెలియదు. కళ్లద్దముల దుకాణములోని యంత్రము చెప్పవలెను. యు.వి. 400 అను చీటీని నమ్మవచ్చునా? పేరు విషయమై అబద్ధమాడిన చేయియే ఆ చీటీని కూడ అంటించినది గదా.

“1937 నుండి అమ్ముచున్న గొప్ప కంపెనీ, 1999లో ఇటలీ ధనవంతుల చేతికి పోయినది, మన మూడు వందలతో వారికేమి నష్టము?” అని మా సంఘ యువకుడొకడు తరువాత అడిగెను. న్యాయమైన ప్రశ్నయే. వారి నష్టమును గూర్చి మాకును పెద్ద చింత లేదు. కాని 1999 నాటి ట్రేడ్ మార్కుల చట్టము ప్రకారము దొంగపేరుతో సరుకు అమ్మినవానికి ఆరు నెలలు మొదలు మూడేండ్ల వరకు చెర, 50,000 మొదలు 2 లక్షల రూపాయల వరకు జరిమానా యున్నవి. తన కొరకు కొనుక్కొన్నవానికి ఆ శిక్ష లేదు. మనము ముఖమునకు పెట్టుకొని ఇల్లు చేరుదుము. పోలీసు వచ్చిన దినమున అట్ట చంకనబెట్టి పరుగెత్తువాడు ఆ పడుచువాడే. మనమడుగుటచేతనే గదా వాడు తెచ్చుచున్నాడు? ఇక మన సంగతి: ఎండనుండి కన్నును కాచుకొనుటకు కొనిన వస్తువుతో, ఎదుటివాని కన్నును మోసపుచ్చుచున్నాము.

“పేరు లేనివి ఉన్నవా, నాయనా?” అని యడిగితిమి.

“ఉన్నయ్ సార్, గని అవి ఎవ్వలడుగరు” అని సంచి అడుగునుండి తీసెను. నూట ఏబది రూపాయలిచ్చితిమి. మరుసటి వారము నాచారములో నొక కళ్లద్దముల దుకాణమున యంత్రము క్రింద పెట్టించి చూడగా, కిరణములను బాగుగానే ఆపుచున్నవని చెప్పిరి.

ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట సంఘపెద్ద యొకరు వాటిని చేతికి తీసికొని, “ఏ కంపెనీ అయ్యగారూ?” అని యడిగిరి.

“పేరు లేదండీ” అంటిమి.

ఆయన ఇటు అటు త్రిప్పి చూచి, గుమ్మమునొద్దకు పోయి పెట్టుకొని, ఎండవైపు తేరిచూచి, “చల్లగనే ఉన్నయి” అనిరి.