కరెంటు పుట్టుక – మన పాల చల్లదనం



సాయంత్రం పాలు పోసే వేళకు కరెంటు పోతే సంఘం ముందు క్యాను పట్టుకుని నిలబడిన ప్రతివారికీ గుండె గుభేలుమంటుంది. పాలు పులిస్తే ఆ నష్టం ఒక్కరిది కాదు, సంఘం మొత్తానిది. అటువంటప్పుడు లైన్‌మన్‌ను నాలుగు మాటలనడం మామూలే. అయితే కరెంటు ఎక్కడ పుడుతుంది, మన ఊరికి ఎట్లా వస్తుంది, ఎందుకు ఆగుతుంది అన్నవి తెలిస్తే, మన చేతిలో ఉన్న పని ఏదో, లేనిది ఏదో తేలిపోతుంది. ఈ పాఠం ఉద్దేశం అదే. కార్యదర్శులు దీనిని సభ్యుల సమావేశంలో చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.

పాలు, కరెంటు – రెండూ నిలవ ఉండవు

పొదుగు నుండి వచ్చిన పాలు సుమారు 37 డిగ్రీల వెచ్చదనంతో ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు 20, 30 నిమిషాలకొకసారి రెట్టింపు కాగలవు. కనుకనే పాలను త్వరగా 4 డిగ్రీలకు దింపాలంటాము.

కరెంటు సంగతి ఇంకా కష్టం. పాలు కొన్ని గంటలైనా ఆగుతాయి. తీగల్లోని కరెంటు క్షణం కూడా ఆగదు. దేశంలో ఈ క్షణాన ఎంత వాడుతున్నారో అంతే కరెంటు ఈ క్షణానే పుట్టాలి. విద్యుత్ కేంద్రాల యంత్రాలన్నీ ఒకే కాడికి కట్టిన ఎద్దుల వంటివి. బండి బరువు పెరిగితే ఎద్దుల నడక మందగించినట్లు, వాడకం పెరిగి ఉత్పత్తి చాలకపోతే యంత్రాల వేగం తగ్గుతుంది. ఆ వేగానికి కొలతే ఫ్రీక్వెన్సీ. మన దేశంలో అది సెకనుకు 50 ఆవర్తనాలు ఉండాలి. అది మరీ పడిపోతే యంత్రాలు తమను తాము కాపాడుకోవడానికి ఆగిపోతాయి. ఒకటి ఆగితే మిగతావాటిపై భారం పడి అవీ ఆగుతాయి. అంతదాకా రాకుండా అధికారులు కొన్ని ప్రాంతాలకు సరఫరా ఆపుతారు. దానినే మనం కరెంటు కోత అంటున్నాము.

2012 జూలై 30న ఉత్తరాది గ్రిడ్ కూలింది. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ కూలి, 60 కోట్లకు పైగా జనం ఉన్న ప్రాంతాలకు కరెంటు పోయింది. అప్పటికి దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే వేగంతో నడిచేలా కలవలేదు, కనుక మనకు దెబ్బ తగలలేదు. అయితే ఒంటరిగా ఉండడంలో నష్టమూ ఉంది. మనకు కొరత వచ్చినప్పుడు ఉత్తరాది నుండి కావలసినంత తెచ్చుకునే దారి ఉండేది కాదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూరు లైనుతో దక్షిణాది కూడా కలిసి, దేశమంతా ఒకే గ్రిడ్ అయింది.

మెగావాటు వేరు, యూనిట్ వేరు

ఈ రెండింటినీ చాలామంది కలగలుపుతారు. మెగావాటు అంటే యంత్రానికి ఉన్న సత్తువ. యూనిట్ అంటే అది నిజంగా చేసిన పని. పది లీటర్లు పాలిచ్చే గేదె ఉందనడం వేరు, ఈ నెలలో సంఘానికి ఎన్ని లీటర్లు పోశామన్నది వేరు. వట్టిపోయిన గేదె పాలు ఇవ్వనట్లే, నీరు లేని జలవిద్యుత్ కేంద్రం, బొగ్గు రాని థర్మల్ కేంద్రం ఎన్ని మెగావాట్లవైనా యూనిట్లు ఇవ్వవు.

ఒక కిలోవాటు ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్. 5 హార్స్‌పవరు మోటారు గంటకు సుమారు 4 యూనిట్లు తీసుకుంటుంది. వెయ్యి కిలోవాట్లు ఒక మెగావాటు. 1947లో దేశం మొత్తం మీద ఉన్న సామర్థ్యం సుమారు 1,360 మెగావాట్లు. 2022లో అది 4 లక్షల మెగావాట్లు దాటింది. అయినా కోతలు పూర్తిగా పోలేదంటే, సామర్థ్యం ఉండడం ఒక ఎత్తు, కావలసిన వేళకు కావలసిన చోటికి చేరడం మరొక ఎత్తు అని అర్థం.

నీటి కరెంటు

తెలుగు ప్రాంతంలో పెద్ద జలవిద్యుత్తుకు నాంది మాచ్‌ఖండ్. ఒడిశాతో కలిసి కట్టిన ఈ కేంద్రంలో 1955లో ఉత్పత్తి మొదలైంది. సామర్థ్యం 120 మెగావాట్లు. ఆ నదే దిగువకు వచ్చి సీలేరు అవుతుంది. ఎగువ సీలేరులో 240, దిగువ సీలేరులో 460 మెగావాట్ల యంత్రాలు ఆ ప్రవాహం మీదే తిరుగుతున్నాయి. కరెంటు తీసినంత మాత్రాన నీరు ఖర్చు కాదు, ఎత్తు మాత్రమే ఖర్చవుతుంది. ఇది గుర్తుంచుకోవలసిన సంగతి.

లెక్క సులువు. వెయ్యి లీటర్ల నీరు 100 మీటర్ల ఎత్తు నుండి దిగితే సుమారు పావు యూనిట్ కరెంటు వస్తుంది. అంటే ఒక యూనిట్‌కు దాదాపు 4 వేల లీటర్లు దిగాలి.

నీటి యంత్రాలను కొద్ది నిమిషాల్లో నడపవచ్చు, ఆపవచ్చు. సాయంత్రం అందరూ ఒకేసారి దీపాలు వేసే వేళకు ఇవే ఆదుకుంటాయి. అయితే జలాశయంలో నీరుండాలి, ఆ నీటిపై తాగునీటికీ సాగుకూ ముందు హక్కు ఉంటుంది. వానలు తప్పిన ఏడు పొలమూ ఎండుతుంది, యంత్రమూ ఆగుతుంది.

నాగార్జునసాగర్ కేంద్రంలోని 8 యంత్రాలలో 7 యంత్రాలకు ఒక ప్రత్యేకత ఉంది. వాటిని వెనక్కు తిప్పి దిగువ నీటిని మళ్ళీ పైకి తోడేందుకు వీలుగా తయారు చేశారు. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలోని 150 మెగావాట్ల యంత్రాలు ఆరూ అటువంటివే. కరెంటు మిగిలిన వేళ నీరు పైకి తోడుకుని, కొరత వేళ కిందికి వదలడం దీని ఉపాయం. వంద యూనిట్లు పెట్టి తోడితే 75, 80 యూనిట్లే తిరిగి వస్తాయి. అయినా లాభమే, ఎందుకంటే వేళకు అందిన యూనిట్ విలువ వేరు. ఈ ఉపాయాన్ని మన కూలరు దగ్గర మళ్ళీ తలచుకుందాము.

ఈ పని ప్రమాదం లేనిది కాదు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు చెలరేగి తొమ్మిదిమంది సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. మన ఇంట వెలిగే దీపం వెనుక అటువంటి మనుషుల శ్రమ ఉందని మరువరాదు.

బొగ్గు కరెంటు

దేశంలో పుట్టే కరెంటులో అధికభాగం నేటికీ బొగ్గుదే. కొత్తగూడెం, రామగుండం, విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం, విశాఖ దగ్గరి సింహాద్రి మనకు తెలిసిన పెద్ద కేంద్రాలు. పని తీరు అన్నిటా ఒకటే. బొగ్గును పిండి చేసి మండిస్తారు, నీటిని ఆవిరి చేస్తారు. 210 మెగావాట్ల యంత్రంలో ఆ ఆవిరి సుమారు 540 డిగ్రీల వేడితో, గొప్ప ఒత్తిడితో వచ్చి టర్బైనును నిమిషానికి 3,000 చుట్లు తిప్పుతుంది. సెకనుకు 50 చుట్లన్నమాట. ముందు చెప్పుకున్న 50 ఇదే.

ఒక యూనిట్‌కు మన దేశపు బొగ్గు సుమారు 700 గ్రాములు కావాలి. 210 మెగావాట్ల యంత్రం రోజంతా నిండుగా నడిస్తే 50 లక్షల యూనిట్లు వస్తాయి. దానికి సుమారు 3,500 టన్నుల బొగ్గు, అంటే దాదాపు ఒక గూడ్సు రైలు నిండా, ప్రతిరోజూ రావాలి. మన బొగ్గులో నూటికి 30 నుండి 40 పాళ్ళు బూడిదే కనుక, రోజుకు వెయ్యి టన్నులకు పైగా బూడిదను ఎక్కడో వేయాలి. బొగ్గులోని వేడిలో నూటికి 35 పాళ్ళు మాత్రమే కరెంటు అవుతుంది. మిగిలినది పొగగొట్టం గుండా, చల్లబరిచే నీటి గుండా పోతుంది.

ఆరిన బాయిలరును మళ్ళీ వేడెక్కించి నడపాలంటే గంటల కొద్దీ పడుతుంది. కనుక బొగ్గు కేంద్రం రోజంతా ఒకే నడకన నడిచేందుకు తగినది. ఉన్నట్టుండి పెరిగే సాయంత్రపు వాడకాన్ని అది ఒక్కటే మోయలేదు.

ఎండ కరెంటు

కర్నూలు జిల్లాలో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తి అయింది. దీనికి బొగ్గు అక్కరలేదు, బూడిద లేదు. అయితే పొద్దు గుంకితే అంతా ఆగిపోతుంది. పగలు 12 గంటలకు కరెంటు పుష్కలం. సాయంత్రం 6, 7 గంటలకు సోలార్ తప్పుకుంటుంది, దీపాలు వెలుగుతాయి. సరిగ్గా అదే వేళకు మన సాయంత్రపు పాలు సంఘానికి వస్తాయి. మన చిక్కు అంతా ఇక్కడే ఉంది.

తీగల ప్రయాణం

210 మెగావాట్ల యంత్రం వద్ద సుమారు 15 వేల వోల్టులతో పుట్టిన కరెంటును 2 లక్షల 20 వేల వోల్టులకు, పెద్ద లైన్లయితే 4 లక్షలకు పెంచి పంపుతారు. ఎందుకంటే వోల్టేజి పది రెట్లు పెంచితే తీగలో పారే కరెంటు పదోవంతు అవుతుంది, తీగ వేడెక్కి పోయే నష్టం నూరోవంతుకు తగ్గుతుంది. ఊరు దగ్గరకు వచ్చేసరికి 33 వేలు, 11 వేలు చేసి, చివరికి ట్రాన్స్‌ఫార్మరు వద్ద మూడు ఫేజులకు 415 వోల్టులుగా ఇస్తారు. ట్రాన్స్‌ఫార్మరుపై మోటార్లు ఎక్కువైనా, సంఘం లైను చివరన ఉన్నా వోల్టేజి పడిపోతుంది. వోల్టేజి తగ్గితే మోటారు ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది, చుట్ట కాలిపోతుంది. కంప్రెసర్లు కాలడానికి ఇదొక ముఖ్య కారణం.

మన కూలరు లెక్క

వెయ్యి లీటర్ల పాలను 35 డిగ్రీల నుండి 4 డిగ్రీలకు దింపాలంటే సుమారు 35 యూనిట్లకు సమానమైన వేడిని తీసివేయాలి. కంప్రెసరు ఆ వేడిని బయటకు మోస్తుంది గనుక అంత కరెంటు పట్టదు. యంత్రం మంచి స్థితిలో ఉంటే సుమారు 15 యూనిట్లు సరిపోతాయి. అంటే వెయ్యి లీటర్ల పాల వెనుక ఎక్కడో పది కిలోల బొగ్గు మండింది, లేదా 60 వేల లీటర్ల నీరు వంద మీటర్లు దిగింది.

యూనిట్ 7 రూపాయలనుకుంటే లీటరు పాలకు పడేది సుమారు 10 పైసలు. అదే జనరేటరుతో అయితే 5 లీటర్ల డీజిలు కావాలి. డీజిలు లీటరు 100 రూపాయలనుకుంటే లీటరు పాలకు 50 పైసలు. జనరేటరు అవసరమే, కాని అది ఆపద వేళకు ఉంచుకోవలసిన ఆస్తి.

సంఘం చేయవలసిన పనులు

1. మన కనెక్షను ఏ ఫీడరు మీద ఉందో తెలుసుకోండి. వ్యవసాయ మోటార్ల ఫీడరుకు మూడు ఫేజుల సరఫరా గంటల లెక్కన పరిమితం చేసిన చోట కూలరు దానిపై ఉండరాదు. గ్రామ ఫీడరుకు మార్చమని తీర్మానం చేసి విద్యుత్ కార్యాలయానికి రాయండి.

2. ఐస్‌బ్యాంకు ఉన్న సంఘాలు పగటి వేళ, కరెంటు బాగున్నప్పుడు మంచు కట్టించుకోవాలి. వెయ్యి లీటర్ల పాలకు నష్టాలు కలుపుకుని 400 కిలోలకు పైగా మంచు కావాలి. నేరుగా చల్లబరచడం కంటే దీనికి కరెంటు కొంత ఎక్కువే పట్టవచ్చు. కాని సాయంత్రం కోత వచ్చినా చిన్న జనరేటరుతో చల్లనీటి పంపు, పాలు కలిపే మోటారు నడిపితే చాలు. నాగార్జునసాగర్ నీటిని పైకి తోడి ఉంచడం ఎటువంటిదో ఇదీ అటువంటిదే.

3. చల్లబడిన 500 లీటర్లలో వెచ్చని 500 లీటర్లు పోస్తే మొత్తం సుమారు 20 డిగ్రీలకు వస్తుంది. కరెంటూ జనరేటరూ లేనప్పుడు అట్లా కలిపితే ఉదయపు మంచి పాలూ చెడతాయి. వెచ్చని పాలను క్యానుల్లోనే ఉంచి వెంటనే శీతలీకరణ కేంద్రానికి పంపండి. కూలరు మూత తెరవకండి. మూత వేసి ఉంటే చల్లని పాలు చాలా గంటలు చల్లగానే ఉంటాయి.

4. కండెన్సరు రెక్కలపై దుమ్ము వారానికొకసారి దులపండి. దుమ్ము పట్టిన కండెన్సరు వేడిని వదలలేదు, యూనిట్లు పెరుగుతాయి.

5. వోల్టేజి తగ్గినా, ఒక ఫేజు పోయినా మోటారును ఆపే రక్షణ సాధనం తప్పక అమర్చండి. ఎర్తింగు గోతిలో నీరు పోస్తూ ఉండండి. తడి నేల మీద పనిచేసే మన సిబ్బంది ప్రాణాలకు అదే కాపు.

6. జనరేటరును వారానికొకసారి లోడు మీద నడిపి చూడండి.

7. కోత మొదలైన వేళ, తిరిగి వచ్చిన వేళ, అప్పటి వోల్టేజి, పాల ఉష్ణోగ్రత ఒక రిజిస్టరులో రాయండి. నోటిమాటకు లేని బలం రాతకు ఉంటుంది. రెండు నెలల రిజిస్టరు చూపి అడిగితే కాదనడం కష్టం. అప్పటికీ పని జరగకపోతే 2003 విద్యుత్ చట్టం కింద ఏర్పడిన వినియోగదారుల సమస్యల పరిష్కార వేదికకు వెళ్ళవచ్చు.

సమావేశంలో చర్చించవలసిన ప్రశ్నలు

అ) గత నెలలో మన సంఘానికి సాయంత్రం పాల వేళ ఎన్నిసార్లు కరెంటు పోయింది? అందులో ఎన్నిసార్లు పాలు తిరిగి వచ్చాయి?

ఆ) మన కూలరు వెయ్యి లీటర్లకు ఎన్ని యూనిట్లు తీసుకుంటోంది? 20 దాటితే కారణం ఏమిటి?

ఇ) మంచు కట్టడమో, సంఘం కప్పుపై సోలార్ పలకలు వేయడమో మనకు ఏది తగినది?

విద్యుత్ కేంద్రాన్ని నడపడం మన చేతిలో లేదు. అక్కడ నుండి ఎంతో ఖర్చుతో వచ్చిన యూనిట్‌ను పాలు చల్లబరిచే పనికి వృథా లేకుండా వాడుకోవడం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. పై ప్రశ్నలకు మీ సంఘం వేసిన లెక్కలు రాసి పంపితే తోటి సంఘాలకూ ఉపయోగపడగలవు.