ఎవరిని ఎంచుకున్నాడు?

నేరశాస్త్రం చెప్పి రిటైరయ్యాక సీతాఫల్‌మండిలోనే ఉండిపోయాను. క్యాంపస్ దగ్గరే కనుక పరిశోధక విద్యార్థులు ఇప్పటికీ వస్తుంటారు. వాళ్లు ఎక్కువగా అడిగేది మైన రాములు గురించే.

1. కారణం దొరికితే కేసు అర్థమైపోయినట్టు కాదు.

2021 జనవరిలో హైదరాబాద్ టాస్క్‌ఫోర్స్ పోలీసులు రాములును పట్టుకున్నారు. 2003 నుంచి అప్పటికే అతని మీద 16 హత్య కేసులున్నాయని, చనిపోయినవాళ్లంతా ఆడవాళ్లేనని చెప్పారు. భార్య వేరొకరితో వెళ్లిపోయిందట, అందుకే స్త్రీలంటే ద్వేషమట. పత్రికలు ఆ ముక్కనే పట్టుకున్నాయి. భార్య వదిలేసిన మగవాళ్లు ఈ ఊళ్లో ఎందరు లేరు? పైగా ఆ మాటలో తప్పంతా, ఎక్కడ ఉందో తెలియని ఆ ఇల్లాలి నెత్తిన పడుతుంది.

2. పగ గుడ్డిదైనా, అది నడిచే దారి గుడ్డిది కాదు.

మనిషి లాభనష్టాలు బేరీజు వేసుకునే నేరం చేస్తాడని 1764లోనే బెకారియా వాదించాడు. 1986లో కార్నిష్, క్లార్క్ దాన్ని మరింత పదును పెట్టారు. నేరం వైపు మళ్లడం ఒక నిర్ణయం, ఫలానా చోట ఫలానా మనిషి మీద నేరం చేయడం మరో నిర్ణయం, రెంటినీ విడదీసి చూడమన్నారు. రాములును అలా చూడండి. పోలీసులు చెప్పిన తీరు ప్రకారం అతను కల్లు కాంపౌండ్లకు వెళ్లేవాడు. ఒంటరిగా కూర్చున్న ఆడమనిషితో మాట కలిపేవాడు. డబ్బు ఆశ చూపి ఊరి శివారుకు తీసుకెళ్లి, ఇంకా తాగించి, చంపి, ఒంటి మీది నగలు తీసుకునేవాడు. ద్వేషం ఒక్కటే నడిపిస్తే బస్టాపులో నిలబడ్డ ఏ స్త్రీ అయినా సరిపోయేది. అన్నదమ్ములతో వచ్చినామె జోలికి అతను పోలేదు. చోటు, మనిషి, వేళ అన్నీ ఏరుకున్నవే.

3. సిలబస్‌లో లేని ప్రశ్నే ఒక్కోసారి అసలు ప్రశ్న.

కోహెన్, ఫెల్సన్ 1979లో చెప్పినది నేను ఏటా బోర్డు మీద త్రిభుజంగా గీసేవాణ్ని: నేరానికి సిద్ధమైనవాడు, చిక్కే మనిషి, కాపు కాసేవాళ్లు లేకపోవడం. ఒకసారి అడ్డా కూలీల ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి లేచి, "సార్, మా బస్తీలో ఒంటరి ఆడమనిషి కనపడకపోతే కంప్లైంట్ ఎవరిస్తారు?" అంది. "అది పోలీసు పరిపాలన పేపర్లో వస్తుందమ్మా" అని తరువాతి పేజీకి వెళ్లిపోయాను. త్రిభుజంలో మూడో మూల గురించే ఆ పిల్ల అడిగిందని తట్టడానికి నాకు చాలాకాలం పట్టింది. అప్పటికి ఆమె చదువు ముగించుకుని వెళ్లిపోయింది.

4. శిక్ష ఎంత పెద్దదన్నది కాదు, ఎంత ఖాయమన్నది చూడండి.

ఇదీ బెకారియా మాటే. రాములుకు 2011లో యావజ్జీవం పడింది. ఆ ఏడాది చివర్లోనే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం నుంచి పారిపోయాడు. 2013లో దొరికాడు, 2018లో బయటికొచ్చాడు, మళ్లీ కేసులు. ఉరి వేయాలా వద్దా అని టీవీల్లో గంటల తరబడి వాదించుకుంటాం. దొరకనన్న ధీమా ఉన్నవాడికి ఆ వాదనతో పనేముంది?

5. అడిగేవాళ్లకూ అడిగేవాళ్లుండాలి.

వరంగల్ దగ్గర గొర్రెకుంట బావి గుర్తుందా? 2020 మార్చిలో సంజయ్‌కుమార్ యాదవ్ ఒక స్త్రీకి నిద్రమాత్రలు కలిపిన మజ్జిగ ఇచ్చి రైల్లోంచి తోసేశాడు. ఆమె ఏమైందని బంధువు నిలదీసింది, పోలీసులకు చెబుతానంది. అతను మే నెలలో ఆ బంధువుతో సహా తొమ్మిది మందికి మత్తు పెట్టి బావిలో పడేశాడు. ఒకదాన్ని దాచడానికి తొమ్మిది! అదీ ఒక లెక్కే, భయంలో వేసుకున్న వంకర లెక్క. రోజుల్లోనే దొరికిపోయాడు. అక్టోబరులో వరంగల్ కోర్టు ఉరిశిక్ష వేసింది. నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది ఆ నిలదీసినామె సంగతి. కాపు కాసేవాళ్లుంటే నేరం ఆగుతుందని నా త్రిభుజం చెబుతుంది. ఆమె కాపు కాసింది. కానీ ఆమె కూడా బెంగాల్ నుంచి వచ్చిన వలస కుటుంబపు మనిషి, అదీ లాక్‌డౌన్ రోజులు, ఊరికి దూరంగా గోనెసంచుల గోడౌను. ప్రశ్న ఆ నాలుగు గోడల మధ్యే ఉండిపోయింది, స్టేషన్ రిజిస్టరుకు ఎక్కలేదు.

6. సిద్ధాంతం అందుకోలేనిది కొంత ఉంటుంది.

చంపడంలోనే సుఖం వెతుక్కునేవాడి లాభం ఏ పద్దులో రాస్తాం? నాకు తెలియదు. తెలిసినట్టు పాఠాలు మాత్రం చెప్పాను.

7. కేసు కదిలేది ఇంటి మనిషి గడప దాటినప్పుడు.

2020 డిసెంబరు 30న ఒకామె యూసుఫ్‌గూడ కల్లు కాంపౌండ్ దగ్గర నుంచి తిరిగి రాలేదు. భర్త జనవరి 1న జూబ్లీహిల్స్ పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. నాలుగో తేదీన ఘట్‌కేసర్ దగ్గర అంకుషాపూర్‌లో శవం దొరికింది. ఆ కాగితం స్టేషన్లో ఉండబట్టి ఆ శవం ఎవరిదో తేలింది, నెల తిరక్కుండా రాములు దొరికాడు.