పారుడు పట్టిన దూడ — ప్రేగులో నీరు, లవణాల సంగతి

పారుడు తగిలిన దూడ ఎక్కువగా చనిపోయేది ఒంట్లోని నీరు, లవణాలు పోవటం వల్లనే. అప్పుడే పుట్టిన దూడ బరువులో దాదాపు ముప్పాతిక వంతు నీరే. 30 కిలోల దూడ ఒంట్లోనుంచి 3 లీటర్ల నీరు పోతే అది లేచి నిలబడటం కష్టం. అయినా కొందరు పాడిరైతులు "నీళ్ళు పడితే ఇంకా పారుతుంది" అని నీళ్ళు, పాలు రెండూ మాన్పిస్తుంటారు. ఇది ఎంత ప్రమాదమో ప్రేగు పనిచేసే తీరు తెలుసుకుంటే అర్థమవుతుంది.

ప్రేగు నీటిని విడిగా పీల్చుకోలేదు. ముందు ఉప్పులోని సోడియం ప్రేగుగోడను దాటాలి, నీరు దాని వెంట పోతుంది. చిన్నప్రేగు లోపలిగోడ నిండా సన్నని చూషకాలు వుంటాయి. వాటి కణాలలో సోడియం, గ్లూకోజు కలిసి వస్తేనే తెరుచుకునే జంట ద్వారాలు వున్నాయి. ఈ సంగతిని 1960లో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. చిన్నప్రేగులో మిగిలిన నీటిని పెద్దప్రేగు పీల్చుకుంటుంది. మేకలో ఈ పని మరీ బాగా జరుగుతుంది. అందుకే మేక పెంటికలు గట్టిగా, గేదె పేడ మెత్తగా వుంటాయి.

పుట్టిన మొదటి రోజుల్లో వచ్చే పారుడుకు తరచు ఇ. కోలై సూక్ష్మజీవి కారణం. దాని విషం ప్రేగుగోడను పాడుచేయదు గాని, గోడలోనుంచి క్లోరైడును బయటకు తోడిస్తుంది. సోడియం, నీరు దాని వెంట వచ్చేస్తాయి. అయితే జంట ద్వారాలు మూతపడవు. మన వైద్యానికి ఆధారం ఇదే. రోటా వైరస్ చూషకాల కొనలనే దెబ్బతీస్తుంది, అయినా కొన్ని ద్వారాలు మిగులుతాయి. 1971లో బంగాంలోని శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ కలరా రోగులకు ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని తాగించి ఎందరినో బ్రతికించారు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఇంట్లో పిల్లలకు ఇచ్చే పంచదార, ఉప్పు నీళ్ళు దూడకు పనికిరావు. పంచదారను విడగొట్టే ఎంజైము దూడ ప్రేగులో లేదు. అరగని పంచదార ప్రేగులోకి ఇంకా నీటిని లాగి పారుడును పెంచుతుంది. బెల్లమూ అంతే. గ్లూకోజు పొడే వాడాలి.

కాచి చల్లార్చిన లీటరు నీటికి గ్లూకోజు 20 గ్రాములు, ఉప్పు 3.5 గ్రాములు, తినే సోడా 2.5 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు కలపాలి. పారుడులో పొటాషియం కూడా పోతుంది. రక్తంలో ఆమ్లం పెరిగి దూడ చీకటం మానేస్తుంది, అందుకే సోడా. కొలతల్లో చేతివాటం కూడదు, ఉప్పు ఎక్కువైతే కీడు. సంఘ కార్యదర్శి ఈ మందులను తూచి పొట్లాలు కట్టించి పాలకేంద్రంలో వుంచితే అర్ధరాత్రి వెతుకులాట తప్పుతుంది.

30 కిలోల దూడకు రోజుకు 2 నుంచి 4 లీటర్లు, పలు దఫాలుగా పట్టాలి. పాలు మాన్పించరాదు. లీటరు గేదె పాలలో సుమారు 1000 కిలోకేలరీల బలం వుంటే, లీటరు ఈ ద్రావణంలో 80 మాత్రమే. అయితే రెండింటినీ కలపకండి. సోడా వల్ల కడుపులో పాలు సరిగా విరగవు. కనీసం రెండు గంటల ఎడం వుంచండి.

మెడమీద చర్మాన్ని వ్రేళ్ళతో పట్టి వదిలి చూడండి. వెంటనే సర్దుకోకపోతే, కళ్ళు లోతుకు పోతే నీరు బాగా తగ్గినట్లే. చీకలేని దూడకు నోట పోస్తే ఊపిరితిత్తులలోకి పోతుంది. దానికి నరం ద్వారా సెలైను ఎక్కించవలసిందే. ఆలస్యం చేయక పశువైద్యుణ్ణి పిలిపించండి.